రాస్‌బెర్రీకి చలి కావాలి, రేగుకు కువైట్ ఎండ చాలు

రంజాన్ నెలలో ఇఫ్తార్ భోజనంతో పాటు వచ్చే ఎర్రటి వింటో షర్బత్ తాగనివారు మన క్యాంపుల్లో అరుదు. 1908లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జాన్ నోయెల్ నికోల్స్ అనే ఆయన తయారుచేసిన పానీయం అది. అందులో మూడు పండ్ల రసాలు కలుస్తాయి. ఒకటి మనకు తెలిసిన ద్రాక్ష, రెండోది బ్లాక్ కరెంట్, మూడోది రాస్‌బెర్రీ. జమియాకు వెళితే ఫ్రిజ్ అరలో చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఎర్రగా, మెత్తగా, చిన్న చిన్న గింజలు కుప్ప పోసినట్టు కనిపించే పండు అదే. డబ్బాలో గుప్పెడు కూడా ఉండవు. ధర చూస్తే మాత్రం చెయ్యి వెనక్కి వస్తుంది.

ఈ పండు గురించి క్యాంపులో ఉండే మనకెందుకు అనుకోవచ్చు. కారణం ఉంది. మనవాళ్ళలో ఎంతోమంది కువైటీల ఇళ్ళల్లో తోట పని చూస్తున్నారు. కొందరు డ్రైవరు పనితో పాటు చెట్లకు నీళ్ళు కూడా పెడుతుంటారు. వఫ్రా, అబ్దలీ తోటల్లో పనిచేసేవారూ ఉన్నారు. యూరప్ వెళ్ళి వచ్చిన సేటు అక్కడ ఇళ్ళ వెనక ఈ పండ్లు కోసుకు తినడం చూసి, మన ఇంట్లోనూ వేద్దాం అంటారు. మొక్క వస్తుంది. చలికాలమంతా పచ్చగా ఉంటుంది. జూన్‌లో మాడిపోతుంది. అప్పుడు నీళ్ళు సరిగా పెట్టలేదన్న మాట తోటమాలి మీద పడుతుంది. ఎందుకు చచ్చిందో తెలిస్తే, మొక్క కొనకముందే నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. దాని బదులు ఏది వేస్తే నిలుస్తుందో కూడా చెప్పవచ్చు. ఈ వారం వ్యాసం అందుకోసమే.

రెండు రకాల రాస్‌బెర్రీ

రాస్‌బెర్రీ ముళ్ళ పొద. గులాబీ కుటుంబానికి చెందింది. దీని వేరు ఏళ్ళ తరబడి బతుకుతుంది, కానీ పైకి వచ్చే కొమ్మ రెండేళ్ళకు మించి బతకదు. మామూలు రకాల్లో మొదటి ఏడు కొమ్మ ఎదుగుతుంది, రెండో ఏడు వేసవిలో కాస్తుంది, ఆ తర్వాత ఎండిపోతుంది.

శరదృతువులో కాసే రకాలు వేరు. వీటికి వసంతంలో నేలలోంచి లేచిన కొమ్మే ఆ ఏడాదే పూత పూసి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పండ్లు ఇస్తుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు పరిశోధన కేంద్రం 1969లో విడుదల చేసిన 'హెరిటేజ్', ఇంగ్లండ్‌లో తయారైన 'ఆటమ్ బ్లిస్' ఈ కోవలో బాగా పేరున్న రకాలు.

ఇంటి తోటలకు ఈ రకాలే ఎక్కువ నచ్చడానికి కారణం పని తేలిక కావడం. మామూలు రకంలో ఏ కొమ్మ పాతది, ఏది కొత్తది అని చూసి కత్తిరించాలి. పొరపాటున కొత్త కొమ్మ కోస్తే వచ్చే ఏడాది పంట పోయినట్టే. శరదృతువు రకంలో ఆ తంటా లేదు. చలికాలం చివర, ఫిబ్రవరిలో, కొమ్మలన్నిటినీ నేల మట్టానికి కోసేస్తారు. వేరు మాత్రమే మిగులుతుంది. వసంతంలో కొత్త కొమ్మలు లేస్తాయి, అవే కాస్తాయి.

నాటడం కూడా కష్టం కాదు. నవంబరు నుంచి మార్చి మధ్యలో, మొక్క నిద్రలో ఉన్నప్పుడు, మట్టి లేని వేరు ముక్కలనే తెచ్చి నాటుతారు. మొక్కకూ మొక్కకూ అడుగున్నర నుంచి రెండడుగులు, వరసకూ వరసకూ ఐదారడుగులు ఎడం ఇస్తారు. పశువుల ఎరువు వేసి, పైన ఆకులో గడ్డో కప్పి తేమ నిలుపుతారు. రెండు గుంజల మధ్య తీగ కట్టి కొమ్మలను ఆనిస్తారు. పండు బాగా పండితే ముట్టుకోగానే ఊడి వస్తుంది. లోపలి బొడిపె చెట్టునే ఉండిపోయి, పండు బోలుగా గిన్నెలా చేతికొస్తుంది. బ్లాక్‌బెర్రీకీ దీనికీ తేడా అక్కడే. అలా బోలుగా ఉండడం వల్లే ఇది తొందరగా నలుగుతుంది, రెండు మూడు రోజులకు మించి నిలవదు. జమియాలో అంత ధర పలకడానికి ముఖ్య కారణం అదే.

కువైట్‌లో ఎందుకు నిలవదు?

మొదటి కారణం చలి. రాస్‌బెర్రీకి నిద్ర అవసరం. చలికాలంలో వందల గంటల పాటు చల్లదనం తగిలితేనే వసంతంలో మొగ్గలు సరిగా విచ్చుకుంటాయి. శరదృతువు రకాలకు ఈ అవసరం కొంత తక్కువే గానీ, అవి కూడా చల్లని దేశాల్లో పుట్టినవే. కువైట్‌లో జనవరి రాత్రులు చల్లగా ఉన్నా, పగలు ఎండ కాస్తుంది. ఆ చలి నెలలు కూడా రెండు మూడే.

రెండో కారణం వేడి. 2016 జూలై 21న కువైట్ ఉత్తరాన మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని పరిశీలించి 2019లో నిర్ధారించింది. అంత వేడిలో ఇనుప గేటు ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది. ముప్పై డిగ్రీలకే వడలిపోయే ఆకు ఎలా తట్టుకుంటుంది? ఎన్ని నీళ్ళు పెట్టినా, వేరు పీల్చేదానికన్నా ఆకు ఆవిరి చేసేదే ఎక్కువవుతుంది. నీళ్ళు మరీ ఎక్కువ పోస్తే వేరు కుళ్ళుతుంది. రెండువైపులా చావే.

మూడో కారణం ఉప్పు. కువైట్‌లో నదులు లేవు. ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 110 మిల్లీమీటర్లు. కరువు సీమ అని పేరు పడ్డ మన కడప జిల్లాలో కూడా దాదాపు 700 పడుతుంది. అందుకే ఇక్కడ తాగే నీళ్ళు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి తయారుచేస్తారు. తోటలకు మాత్రం చాలాచోట్ల భూమిలోంచి తోడిన ఉప్పదనం ఉన్న నీళ్ళు వేరే లైనులో వస్తాయి. ఈ నీళ్ళకు ఖర్జూరం, రేగు, వేప తట్టుకుంటాయి. రాస్‌బెర్రీ తట్టుకోదు. ఉప్పును ఏమాత్రం ఓర్చుకోలేని మొక్కల్లో అదొకటి. ఆకు అంచులు కాల్చినట్టు గోధుమ రంగుకు తిరిగితే అది ఉప్పు దెబ్బ.

నాలుగోది నేల. రాస్‌బెర్రీకి కాస్త పుల్లదనం ఉన్న మట్టి కావాలి. కువైట్ ఇసుకలో సున్నం పాలు ఎక్కువ, ఎరువు సారం దాదాపు లేదు. కొన్నిచోట్ల పై ఇసుక తవ్వగానే 'గచ్' అనే రాయిలాంటి పొర తగులుతుంది, నీరు కిందికి దిగదు. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అప్పుడు లేత ఆకులు పసుపుపచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. దాన్ని చూసి ఎరువు చాలలేదనుకుని యూరియా చల్లితే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

సేటు పట్టుబడితే?

ముందే చెప్పడం మంచిది. కువైటీ అరబ్బీలో మూడు చిన్న మాటలు చాలు. "హాదా యబీ బర్ద్" అంటే దీనికి చలి కావాలి. "ఇహ్ని హర్ర్ వాయిద్" అంటే ఇక్కడ వేడి ఎక్కువ. "మాయ్ మాలిహ్ మూ జేన్" అంటే ఉప్పునీళ్ళు మంచివి కావు. చెప్పినా తెస్తామంటే, అప్పుడు పెద్ద కుండీలో వేయండి, నేలలో వద్దు. కుండీ అయితే ఎండను బట్టి జరపవచ్చు. ఇలా చేసి చూడండి.

కుండీ అడుగున నాలుగైదు రంధ్రాలు ఉండాలి. బయటి ఇసుక వాడకుండా నర్సరీలో దొరికే పీట్ మట్టి సంచి, బాగా మాగిన ఎరువు కలిపి నింపాలి. అక్టోబరు చివరినుంచి నవంబరు లోపు నాటాలి. తోట లైను నీళ్ళు కాకుండా ఇంటి కుళాయి నీళ్ళే పోయాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ తగిలేచోట, ఏప్రిల్ నుంచి మధ్యాహ్నపు నీడ ఉన్నచోట పెట్టాలి. మెక్సికో, మొరాకో వంటి వెచ్చని దేశాల్లో రాస్‌బెర్రీ పండించే పెద్ద కంపెనీలు కొమ్మలను ముందుగా కోల్డ్ స్టోరేజీలో పెట్టి, చలి తినిపించి, ఆ తర్వాతే నాటుతాయి. అంత ఏర్పాటు ఇంటి దగ్గర కుదరదు. కాబట్టి ఇది ఒక చలికాలపు ముచ్చట మొక్క అనీ, ఏళ్ళ తరబడి ఉండే చెట్టు కాదనీ ఇంటివారికి మొదటే తెలిసి ఉండాలి. అలా తెలిస్తే జూన్‌లో ఎవరి మీదా నింద పడదు.

అదే పద్ధతి, మన చెట్టు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఏటా కొమ్మ కోసేసి, కొత్త కొమ్మ మీద అదే ఏడాది పంట తీయడం రాస్‌బెర్రీ ఒక్కదాని సొత్తు కాదు. మన రేగు కూడా సరిగ్గా అంతే. రేగు పూత కొత్తగా వచ్చిన రెమ్మల మీదే వస్తుంది. అందుకే రేగు తోటల రైతులు ఏటా కొమ్మలు గట్టిగా కత్తిరిస్తారు. తేడా కాలంలో ఉంది. రాస్‌బెర్రీ చలికి నిద్రపోతుంది కాబట్టి దాన్ని చలికాలంలో కోస్తారు. రేగు ఎండకు ఆకు రాల్చి నిద్రపోతుంది కాబట్టి దాన్ని వేసవిలో కోస్తారు. రాజంపేట, రైల్వే కోడూరు వైపు తోటల్లో పెరిగినవారికి కొమ్మ కత్తిరింపు గురించి వేరే చెప్పనక్కరలేదు.

కువైట్‌లో రేగును 'సిద్ర్' అంటారు, పండును 'కనార్' అంటారు. పాత ఇళ్ళ గోడల వెంట, మసీదుల దగ్గర, తోటల్లో ఈ చెట్లు చాలా కనిపిస్తాయి. ఇక్కడి అడవి రకం కాయ చిన్నది, గుండ్రంగా ఉంటుంది. నర్సరీల్లో దొరికే అంటు మొక్కల కాయ మన గంగరేగు మాదిరిగా పెద్దది. రెండూ దగ్గరి చుట్టాలే. వేరు లోతుకు పోతుంది, వేడికి భయపడదు, ఉప్పదనాన్ని కొంతవరకు ఓర్చుకుంటుంది. శరదృతువులో పూత పూసి, చలికాలం చివర కాయ పండుతుంది. సేటుకు ఇంటి వెనక చేత్తో కోసుకు తినే పండు కావాలంటే, నమ్మకంగా చెప్పదగ్గది ఇదే.

చెట్టు చూసుకునేవారికి కొన్ని సూచనలు:

పండ్లు అయిపోయాక, కొత్త చిగురు రాకముందు కత్తిరించాలి. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు, నేలకు వాలినవి ముందు తీయాలి. మిగిలినవాటిని సగం దాకా తగ్గించవచ్చు.

అంటు కట్టిన చోటుకు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు తుంచేయాలి. అది అడవి రేగు. వదిలేస్తే పై అంటును మింగేస్తుంది.

పూత, పిందె సమయంలో నీళ్ళు ఎక్కువ తక్కువలు లేకుండా ఇవ్వాలి. ఒకసారి బాగా ఎండబెట్టి ఒక్కసారిగా ముంచితే పిందె రాలుతుంది.

రేగుకు పెద్ద శత్రువు పండు ఈగ. పురుగు పట్టిన కాయ రాలిపోతుంది, పురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగై వస్తుంది. రాలిన కాయలను రోజూ ఏరి, సంచిలో కట్టి పారేయాలి. చెట్టు కింద మట్టిని వేసవిలో తిరగేస్తే దాగిన పురుగు ఎండకు చస్తుంది.

ఒక మాట మరవకండి. సిద్ర్ చెట్టు పేరు ఖురాన్‌లో ఉంది. దాని ఆకును స్నానానికి, తల రుద్దుకోవడానికి వాడతారు. ఈ చెట్టును నరకడం చాలామందికి మనస్కరించదు. కొమ్మ కత్తిరించే ముందు ఇంటివారిని అడగండి, ఎందుకు కోస్తున్నారో చెప్పండి, ఏ కొమ్మ అన్నది చూపించి కోయండి. మంచి పని చేసి మాట పడడం ఎందుకు?

అగస్త్యుడు కనిపించాక

ఊళ్ళో తొలకరి పడితే విత్తనం చేతికి తీసుకుంటాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఏదీ నాటకూడదు. కువైటీ పెద్దలు సుహైల్ అనే నక్షత్రం కోసం చూస్తారు. సెప్టెంబరు మొదటి వారంలో తెల్లవారుజామున దక్షిణపు దిక్కున అది కనిపిస్తే వేడి విరగడం మొదలైందని గుర్తు. ఆ సుహైల్ మన అగస్త్య నక్షత్రమే. అగస్త్యుడు ఉదయిస్తే బురద నీళ్ళు తేరుకుంటాయని మన పెద్దలూ చెప్పేవారు. ఆ తర్వాత అక్టోబరు మధ్య నుంచి 'వస్మ్' అనే కాలం వస్తుంది. వాన పడితే ఎడారిలో గడ్డి మొలిచే కాలం అదే. 2022లో నూరేళ్ళు దాటి కన్నుమూసిన కువైట్ ఖగోళ పండితుడు సాలెహ్ అల్ ఉజైరి పేరుతో వచ్చే క్యాలెండర్ ఇక్కడి ఇళ్ళల్లో, ఆఫీసుల్లో చూసే ఉంటారు. ఇలాంటి కాలాల లెక్కకు ఇక్కడివారు ఆధారపడేది దాని మీదే.

క్యాంపు గదిలో ఉన్నవారికి

రేగు చెట్టు పెట్టడానికి మనకు నేల లేదు. జలీబ్, మహబూలా, మంగఫ్‌లలో గదికి ఆరుగురుండే చోట బక్కెట్టుకు జాగా దొరకడమే గొప్ప. అయినా ఎండ తగిలే ఒక మూల, పాత నూనె డబ్బా ఉంటే కూరకు సరిపడా ఆకు వస్తుంది. పెయింటు, కెమికల్ డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వాడవద్దు. నూనె, పచ్చళ్ళ డబ్బాలు మంచివి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి బాగా వస్తాయి. ధనియాలను చేత్తో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు మానేసి పూతకు పోతుంది, కాబట్టి చలి ఉన్నప్పుడే వేయాలి. మెంతి అన్నిటికన్నా తేలిక, మూడు వారాల్లో కోతకు వస్తుంది. పుదీనా అయితే విత్తనం కూడా అక్కరలేదు. బకాలాలో కొన్న కట్టలోంచి గట్టి కాడలు రెండు మూడు నీళ్ళ గ్లాసులో పెడితే వారం పది రోజుల్లో వేరు వస్తుంది. టమాటా నారు అక్టోబరులో నాటితే కొత్త సంవత్సరం నాటికి కాయ చూడవచ్చు.

గోంగూర దగ్గర చాలామంది పొరబడుతుంటారు. ఊరి నుంచి తెచ్చిన విత్తనం అక్టోబరులో చల్లితే జానెడు మొక్కకే పూత వస్తుంది. విత్తనం చెడ్డది కాదు. పగటి పొద్దు తగ్గేకొద్దీ పూతకు పోవడం గోంగూర గుణం. చలి కూడా దానికి పడదు. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో చల్లండి. పొద్దు పెరిగేకొద్దీ ఆకు పెరుగుతుంది. తోటకూర కూడా అప్పుడే బాగుంటుంది.

నీళ్ళ సంగతిలో అదే సూత్రం. కుళాయి నీళ్ళు పోయండి. వారానికొకసారి డబ్బా కింది రంధ్రాల్లోంచి నీరు కారేంతగా పోస్తే పేరుకున్న ఉప్పు కొట్టుకుపోతుంది.

మొక్కకన్నా మనిషి ముఖ్యం

డబ్బాలను మెట్ల మీద, నడవల్లో, బయటికి దారి తీసే తలుపుల దగ్గర పెట్టకండి. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకుని సుమారు 50 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు భారతీయులు, ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. పొగలో పరుగెత్తే మనిషి కాలికి అడ్డం పడేది ఏదీ మన చేత్తో పెట్టింది కాకూడదు. డాబా మీద పెట్టాలనుకుంటే హారిస్‌ను, క్యాంపు బాసును అడిగి పెట్టండి.

తోట పని చేసేవారు వేసవిలో తెల్లవారుజామున, పొద్దు గూకాక నీళ్ళు పెట్టండి. మొక్కకూ అదే మంచిది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల మధ్య ఆరుబయట పని చేయించకూడదని కువైట్‌లో నిబంధన ఉంది. ఏ చెట్టూ ఆ ఐదు గంటల్లో నీళ్ళు పెట్టకపోయినంత మాత్రాన చావదు. ఉదయం పెట్టిన నీళ్ళతో సాయంత్రం దాకా ఉంటుంది. తల తిరిగినా, చెమట పట్టడం ఆగిపోయినా పైపు అక్కడే వదిలి నీడకు రండి, పక్కవారిని పిలవండి.

వచ్చే అక్టోబరులో ఎవరైనా సేటు నర్సరీ నుంచి ఎర్రపండు బొమ్మ ఉన్న కుండీ తెచ్చి చేతిలో పెడితే, పైన చెప్పిన మూడు అరబ్బీ మాటలు గుర్తుంచుకోండి. దాంతోపాటు ఒక సిద్ర్ అంటు కూడా తెమ్మని అడగండి. కుండీలోది ఒక చలికాలం మురిపిస్తుంది. నేలలోది ఏటా జనవరిలో, ఊళ్ళో పిల్లల తల మీద భోగిపళ్ళు పోసే రోజుల్లో, ఇక్కడ కువైట్‌లోనూ కాయతో ఉంటుంది.